నాన్న పాట... కొడుకు గొంతు!

అనంతపురం పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కరువు. ఆ తర్వాత చెనిక్కాయ. ఏడాది మొత్తానికి కురిసే వాన అటూ ఇటుగా 550 మిల్లీమీటర్లు. అదీ వస్తే వచ్చినట్టు, లేదంటే లేదు. అలాంటి ఊరికీ, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికీ చిన్న చుట్టరికం ఉందంటే ఈ తరం పిల్లలు నమ్మకపోవచ్చు.

కానీ ఉంది. ఇంజినీరు అవుదామని నెల్లూరు నుంచి వచ్చిన బాలు చేరింది అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలోనే. అది 1960ల నాటి మాట. అప్పటికింకా జేఎన్‌టీయూ అన్న పేరు లేదు. ఆ విశ్వవిద్యాలయం పుట్టింది 1972లో. టైఫాయిడ్ రావడంతో బాలు ఇక్కడి చదువు మధ్యలోనే ఆపేశారు. తర్వాత మద్రాసు వెళ్లి ఏఎంఐఈలో చేరారు. 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకి ఎస్పీ కోదండపాణి సంగీతంలో తొలి పాట పాడారు. అనంతపురం ఓ ఇంజినీరుని పోగొట్టుకుంది. పోనీలెండి, అందుకు ఎవరికీ బాధ లేదు!

ఈ వారం చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు. ఆయన తర్వాత ఆ పాటల్ని మోస్తున్న కొడుకు గురించి. ఆ మాటకొస్తే, నాన్న వదిలి వెళ్లిన పాటని ఏం చేసుకోవాలో తెలియక నిలబడిపోయే పిల్లలందరి గురించీ.

సాయంత్రమైతే ఆ వీడియో కోసం...

2020 ఆగస్టు గుర్తుందా? కరోనా రోజులు. బయటికెళితే భయం, ఇంట్లో ఉంటే దిగులు. ఆగస్టు 5న బాలు చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. స్వల్ప లక్షణాలేనని, కంగారు పడొద్దని తనే వీడియోలో చెప్పారు. తర్వాత పరిస్థితి విషమించింది. అప్పట్నుంచి ఆయన కొడుకు ఎస్పీ చరణ్ తెర మీదికొచ్చి నాన్న ఎలా ఉన్నారో చెప్పడం మొదలుపెట్టారు. 'ఇవాళ కాస్త నయం' అంటే తెలుగిళ్లలో ఊపిరి పీల్చుకునేవారు. చరణ్ ముఖం వాడిపోయి కనిపిస్తే అమ్మమ్మలు దేవుడి గదిలోకి వెళ్లి దీపం పెట్టేవారు.

సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఆ కబురు కూడా చరణే చెప్పాల్సి వచ్చింది. మర్నాడు తామరైపాక్కంలోని తోటలో ప్రభుత్వ లాంఛనాలతో ఖననం జరిగింది. తండ్రి పోయిన దుఃఖాన్ని నలుగురి మధ్యా పడేవాళ్లు ఉంటారు. కోట్లమంది చూస్తుండగా పడటం ఎంత కష్టం!

చరణ్‌కి పాట కొత్త కాదు. తెలుగు, తమిళ సినిమాల్లో అంతకుముందే పాడారు. తమిళంలో 'చెన్నై 600028', 'ఆరణ్య కాండం' లాంటి సినిమాలు నిర్మించారు. అంటే తనకంటూ ఓ దారి వేసుకున్న మనిషే. అయితే 2021 డిసెంబరులో 'పాడుతా తీయగా' మళ్లీ మొదలైనప్పుడు నాన్న నిలబడిన చోట ఆయన నిలబడ్డారు. 1996లో ఈటీవీలో ప్రారంభమైన కార్యక్రమమది. పాతికేళ్లపాటు ఆదివారాలూ సోమవారాలూ చూసి చూసి ఆ చోటు బాలుదేనని ప్రేక్షకులంతా తీర్మానించేసుకున్నారు. అలాంటి చోట ఎవరు నిలబడినా ముందు వచ్చే మాట ఒక్కటే... 'నాన్నలా లేదే!'

ఆ మాట చరణ్ ఒక్కరికే కాదు. పేరున్న తండ్రి కడుపున పుట్టి, ఆయన పని చేపట్టిన ప్రతి బిడ్డకీ తప్పదు. కాస్త తేడాగా పాడితే నాన్నలా లేదంటారు. అచ్చం అలాగే పాడితే సొంతంగా ఏమీ లేదంటారు. ఎటు తిరిగినా గోడే.

2022లో 'సీతారామం' వచ్చింది. విశాల్ చంద్రశేఖర్ సంగీతంలో చరణ్ పాడిన పాటలు ఊరూరా మోగాయి. విన్నవాళ్లలో చాలామంది ఒక్క క్షణం ఆగి, 'బాలు పాడారా?' అని అడిగారు. అదే చరణ్‌కి మెప్పు, అదే ఆయనకు బరువూ!

ఇంతకీ పాట ఎవరిది?

పొలం అయితే పాసుపుస్తకం ఉంటుంది. ఇల్లు అయితే దస్తావేజు ఉంటుంది. మరి పాటకి?

సినిమా పాటని తీసుకోండి. రాసింది ఒకరు, బాణీ కట్టింది ఇంకొకరు, డబ్బు పెట్టింది మరొకరు. పాడినవాడి పేరే జనం నోట నానుతుంది గానీ, కాగితం మీద లెక్క వేరు. మన చట్టం ప్రకారం కవికి, సంగీత దర్శకుడికి వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లపాటు హక్కులుంటాయి. పాడేవాళ్లకి రాయల్టీ విషయంలో కాస్త బలం వచ్చింది 2012 సవరణ తర్వాతే.

ఈ లెక్క ఆ తండ్రీకొడుకులకి 2017లోనే తెలిసొచ్చింది. బాలు పాడటం మొదలుపెట్టి 50 ఏళ్లయిన సందర్భంగా చరణ్ ప్రపంచ యాత్ర ఏర్పాటు చేశారు. అమెరికాలో ఉండగా ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడొద్దని. దశాబ్దాల స్నేహితులు! బాలు నొచ్చుకున్నారు. అయినా చట్టాన్ని గౌరవిస్తానని చెప్పి, ఇక మీదట ఆ పాటలు పాడబోనని ప్రకటించారు. తర్వాత ఆ మబ్బు విడిపోయింది. 2019 జూన్‌లో చెన్నైలో ఇళయరాజా కచేరీలో బాలు మళ్లీ పాడారు.

తండ్రి పాటలు తండ్రే పాడటానికి అడ్డొచ్చిన ప్రశ్న, తండ్రి పోయాక కొడుకు ముందుకి మరో రూపంలో వచ్చింది. 2023లో 'కీడా కోలా' అనే సినిమా విడుదలైంది. అందులో బాలు గొంతుని కృత్రిమ మేధతో తయారుచేసి వాడారని, తమని అడగనే లేదని చరణ్ చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. సరిగ్గా అదే రోజుల్లో, అంటే 2024 జనవరిలో, ఏఆర్ రెహమాన్ 'లాల్ సలామ్' సినిమా కోసం మరణించిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఇలాగే మళ్లీ వినిపించారు. తాము వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం కూడా ఇచ్చామని ఆయన చెప్పారు.

యంత్రం రెండుచోట్లా ఒకటే. తేడా అంతా అడగడం, అడగకపోవడం దగ్గరే. మనిషి పోయినా ఆయన గొంతుకి ఇంట్లో ఓ దిక్కు ఉందని గుర్తుంచుకోవడం దగ్గరే. నాన్న వాడిన కళ్లజోడుని పక్కింటివాళ్లు అడక్కుండా పట్టుకెళితే ఊరుకుంటామా? మరి గొంతుని?

బాలు మాత్రం ఏం చేశారు?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. బాలు కూడా ఓ కళాకారుడి కొడుకే. తండ్రి ఎస్పీ సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. బాలు హరికథ చెప్పలేదు. గజ్జె కట్టి, చిడతలు పట్టలేదు. సినిమా పాటకి వెళ్లిపోయారు. అలాగని తండ్రి దారిని వదిలేసినట్టేనా?

2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు, నాన్న జ్ఞాపకంగా. తనకి తొలి అవకాశమిచ్చిన కోదండపాణి పేరుని తన రికార్డింగ్ స్టూడియోకి పెట్టుకున్నారు. నాన్న చేసిన పనే చేయలేకపోయినా, నాన్న పేరు నిలిచే పని చేయొచ్చని ఆయన చేసి చూపించారు. ఆ ఇల్లు ఇచ్చిన ఏడెనిమిది నెలలకే ఆయన కూడా వెళ్లిపోయారు.

అదే ఏడాది మరో పాటగాడూ పోయారు. ఉత్తరాంధ్ర జానపదానికి పెద్ద దిక్కైన వంగపండు ప్రసాదరావు ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆయనకి ఆర్కెస్ట్రాలు లేవు, స్టూడియోలు లేవు. కాళ్లకి గజ్జెలు, ఊరి జనం యాసలో అల్లిన వందల పాటలు... అంతే ఆస్తి. కూతురు ఉష ఆ పాటలు వేదికల మీద పాడుతున్నారు. కొడుకే మోయాలన్న రూలేమీ లేదు కదా!

నిమ్మలకుంటలో మిగిలిందేమిటి?

సరే, మళ్లీ మన కరువు నేలకే వద్దాం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. జిల్లాల విభజన తర్వాత, 2022 నుంచి అది శ్రీసత్యసాయి జిల్లా. ఆ ఊరి తోలుబొమ్మలకి దేశమంతటా పేరు. దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

తోలుబొమ్మలాట అంటే బొమ్మొక్కటే కాదు. తెర వెనక ఇంటిల్లిపాదీ కూర్చునేవారు. ఒకరు బొమ్మ ఆడిస్తే, ఒకరు హార్మోనియం, ఒకరు మద్దెల. ఆడవాళ్లు సీత పాట, మండోదరి పాట అందుకునేవారు. తెల్లవార్లూ రామాయణమో, భారతమో సాగేది. వానలు పడకపోతే పల్లెలవాళ్లు ప్రత్యేకంగా పిలిపించి విరాటపర్వం ఆడించేవారు. విరాటపర్వం ఆడితే వాన వస్తుందని నమ్మకం. పిల్లలు తెర వెనకే నిద్రపోతూ, నిద్రలోనే ఆ పాటలు వినేవారు. బడి లేదు, పుస్తకం లేదు. చెవిలో పడి పడి నోటికొచ్చేవి.

సినిమా వచ్చాక, ఆ తర్వాత టీవీ వచ్చాక తెల్లవార్లూ ఆట చూసేవాళ్లు తగ్గిపోయారు. కళాకారులు బతకాలి కదా! అదే తోలుతో, అవే రంగులతో ల్యాంప్‌షేడ్లు, గోడకి తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. వాటికి నగరాల్లో గిరాకీ ఉంది. కాబట్టి తోలు మీద చెక్కే ఉలి తాత నుంచి మనవడి చేతికి వచ్చింది. మరి పాట?

ఎవరూ ల్యాంప్‌షేడ్ కొంటూ దానితోపాటు ఓ పాట కూడా ఇవ్వమని అడగరు. బొమ్మకి ధర ఉంది, పాటకి లేదు. అందుకే ఒకే ఇంట్లో, ఒకే తండ్రి ఇచ్చిన రెండు విద్యల్లో ఒకటి నిలబడి రెండోది నీరసిస్తోంది. తప్పు పిల్లలదని ఎలా అంటాం? వినేవాడు లేని పాటని ఎంతకాలమని పాడతారు?

చెక్కభజన సంగతీ అంతే. సీమ పల్లెల్లో చెక్కభజన గురువులు నేర్పిన అడుగులూ పాటలూ చాలావరకు నోటి మీదే నడిచాయి. గురువు పోయాక ట్రంకు పెట్టెలో ఓ పాత నోటు పుస్తకం దొరికిందనుకోండి. అందులో మాటలుంటాయి గానీ, వరస ఉండదు. ఆ వరస తెలిసిన మనిషి పక్కన కూర్చుని పాడితేనే అది పాట.

చరణ్‌కీ, నిమ్మలకుంట కుర్రాడికీ ఉన్న తేడా ఇక్కడే. బాలు పాడిన ప్రతి పాటా రికార్డయి ఉంది. కొడుకు పాడినా, పాడకపోయినా అది ఎక్కడికీ పోదు. ఆయన పాడుతున్నది పాట పోతుందన్న భయంతో కాదు, నాన్న మీది ప్రేమతో. తెర వెనక కూర్చుని పాడిన తండ్రి పాట అలా కాదు. బిడ్డ నోటికి రాకపోతే అది ఆ తండ్రితోనే పోతుంది. మళ్లీ వెతుక్కుందామన్నా దొరకదు.

ఈ ఆదివారం ఓ పని చేయండి. మీ ఇంట్లో పాడే పెద్దవాళ్లు ఉంటారు. గాయకులే కానక్కర్లేదు. నాట్లేసేటప్పుడు పాడిన అవ్వ కావచ్చు, భజన గుళ్లో తాళం వేసే తాత కావచ్చు, స్నానాల గదిలో ఘంటసాల పద్యం అందుకునే నాన్నే కావచ్చు. పక్కన కూర్చుని ఓ పాట పాడమనండి. 'ఇప్పుడెందుకులేరా, గొంతు పోయింది' అంటారు. అంటారు గానీ పాడతారు. మీ జేబులో ఉన్న సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఊరి పేరు, పాట ఎక్కడ నేర్చుకున్నారో కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి.

తర్వాత వీలైతే ఓ చరణం మీరూ నేర్చుకోండి. వాళ్లలా రాదు. రాకపోయినా ఫర్వాలేదు. తప్పు పాడితే సరిదిద్దడానికి వాళ్లు పక్కనే ఉన్నారు కదా... ఇప్పటికైతే!