రెజ్యూమే, ప్రార్థన

మూడు వారాల క్రితం ఆదివారం ఆరాధన అయ్యి, అందరం భోజనాల దగ్గర ఉండగా మా సంఘంలోని ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చాడు. “అంకుల్, బుధవారం ఇంటర్వ్యూ ఉంది. ప్రార్థన చేయండి” అన్నాడు. “తప్పకుండా బాబూ, ఏం ఉద్యోగం?” అంటే ఫోన్లో రెజ్యూమే చూపించాడు. ఆరేళ్ళ అనుభవం! ఆరేళ్ళ క్రితం ఆ అబ్బాయి భీమవరంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం.

“కన్సల్టెన్సీ వాళ్ళు పెట్టారంకుల్. అందరూ ఇలాగే వెళ్తున్నారు. ఓపీటీలో అప్పుడే 48 రోజులు అయిపోయాయి” అన్నాడు తల దించుకుని. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే ఇక్కడ ఉండే హోదా పోతుంది. ఊళ్ళో నాన్న చేసిన అప్పు సరేసరి.

నేను చటుక్కున నీతులు చెప్పలేకపోయాను. 1998లో నేనూ అలాగే వచ్చాను మరి. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకుంటే, రెజ్యూమేలో అది మూడేళ్ళయింది. వైటూకే రోజులవి, ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. ఎడిసన్‌లో ఒక గెస్ట్ హౌస్‌లో ఆరుగురం బెంచ్ మీద ఉండేవాళ్ళం. ఉద్యోగం రాగానే సంఘంలో నిలబడి దేవుడిచ్చాడని సాక్ష్యం చెప్పాను. ఆ మూడేళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు.

దాని బరువు మోసింది నా పక్క సీటు పెద్దావిడ, ఒక అమెరికన్. నేను మార్చిన ప్రోగ్రామ్ అర్ధరాత్రి ఆగిపోతే ఫోన్ ఆవిడకే వెళ్ళేది. నిద్ర లేచి సరిచేసి, పొద్దున్నే నాకు ఓపిగ్గా నేర్పేది. కొత్త దేశం, కంగారు పడుతున్నాడు అనుకునేది పాపం.

లూకా సువార్త మూడో అధ్యాయంలో సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహానును మేమేం చేయాలని అడుగుతారు. ఉద్యోగం మానేయమని ఆయన అనడు. నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయవద్దంటాడు. సైనికులకైతే, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దని, జీతంతో తృప్తిపడమని చెబుతాడు. ఎన్నోసార్లు చదివాను. నా రెజ్యూమే గుర్తుకు రావడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.

కుర్రాడికి నా కథంతా చెప్పాను. ఏం చేయాలో చెప్పలేదు. పక్కనే ప్లేట్లు సర్దుతున్న మా అమ్మాయి విననే వింది. కారెక్కాక అడిగింది, “డాడీ, తర్వాతైనా ఆవిడకు చెప్పావా?”

లేదు. ఆవిడ రిటైరై ఫ్లోరిడాలో ఉంటోంది. ఏటా క్రిస్మస్ కార్డు పంపుతుంది. ఈసారి నా కార్డుతో పాటు ఒక ఉత్తరం వెళ్ళాలి. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

అబ్బాయి మర్నాడే ఆ ఆరేళ్ళూ తీసేయమన్నాడట. బుధవారం ఇంటర్వ్యూ రద్దయింది, కన్సల్టెన్సీ వాళ్ళు ఫోనెత్తడం మానేశారు. ఇంకా 21 రోజులున్నాయి. అసలు రెజ్యూమే నాకు తెలిసిన ప్రతి మేనేజరుకూ పంపాను. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాడు, కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఆ తర్వాత నాకు నిద్ర పట్టడం లేదు.