దూరస్థ గణనయంత్రము - పాఠపరిష్కర్త నేత్రము

కాళేశ్వర క్షేత్రమున గోదావరీ ప్రాణహితలు కంటికి కనబడుచు సంగమించుచున్నవి. సరస్వతి అంతర్వాహినియై మూడవదిగా చేరునని సంప్రదాయము. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకు వచ్చి స్నానమాడిన జనులు ఆ ప్రవాహమును చూడకయే విశ్వసించిరి. అచ్చట విశ్వాసము చాలును. కనబడని చోట జరుగు కార్యమును శాస్త్రపరిశోధకుడు ఉపయోగించుకొనునప్పుడు మాత్రము ప్రమాణము కావలెను. క్లస్టరు అనబడు కంప్యూటర్ల సముదాయమును దూరమునుండి వాడుకొను పద్ధతి నేడు ఈ ప్రశ్ననే తెచ్చిపెట్టుచున్నది.

2015లో ఆరంభమైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ క్రింద సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి.యందు 'పరమ్ సేవ' నెలకొల్పబడినది. దాని గరిష్ఠశక్తి సెకనుకు సుమారు 838 లక్షల కోట్ల గణనలు. ఇట్టి సముదాయమును 200 కిలోమీటర్లకు పైబడిన దూరమున, కాళేశ్వరమునందు కూర్చుండియు వాడుటకు రిమోట్ డెస్క్‌టాప్ అను సాధనము కలదు. కార్యమంతయు అచ్చటనే జరుగును. తెరపై మారిన చిత్రము మాత్రము ఇచ్చటికి వచ్చును. మీట నొక్కుట, మౌస్ కదలిక అచ్చటికి పోవును. బింబమచ్చట, ప్రతిబింబమిచ్చట. వి.ఎన్.సి. వంటి పద్ధతులలో నడుమ సంబంధము తెగినను కేటాయించిన కాలము ముగియు వరకు పని ఆగదు.

ఆజ్ఞలను అక్షరములలో టైపు చేయుటయే చాలును, చిత్రమయమైన తెర సోమరితనమును పెంచునని కొందరు నిపుణుల ఆక్షేపము. గణితజ్ఞుని విషయమున ఇది కొంత నిజము. పాఠపరిష్కర్తకు మాత్రము ఇది వర్తింపదు. వేలకొలది తాళపత్ర చిత్రములను యంత్రము చదివినను, సందిగ్ధాక్షరమును నిర్ణయింపవలసినది పండితుని కన్నే. ఆ చిత్రములన్నిటిని సన్నని తీగపై పల్లెకు తెప్పించుకొనుట దుష్కరము. కంటినే అచ్చటికి పంపుట సుకరము.

అయినను ఒక జాగ్రత్త అవశ్యము. వేగముకొరకు చిత్రమును కుదించి పంపునప్పుడు సూక్ష్మరేఖలు చెదరును. తెలుగులో థకార ధకారములకు భేదము నడిమి చుక్క మాత్రమే. అది లేఖకుని చుక్కయో, పురుగు తొలిచిన రంధ్రమో, కుదింపువలన పుట్టిన మచ్చయో తెలియనిచో పాఠము చెడును. కావున వివాదాస్పదమైన పత్రమునొక్కదానినైనను మూలచిత్రముగా తెప్పించుకొని చూచిన పిమ్మటనే పాఠము నిర్ణయింపవలెను.

మరియొక ధర్మము కలదు. డెస్క్‌టాప్‌ను తెరచి ఊరక విడిచిన, కేటాయింపబడిన ప్రాసెసర్లు ఇతరులకు దక్కవు. దీర్ఘగణనలను ఆజ్ఞాపత్రముగా వ్రాసి వరుసలో ఉంచవలెను. చూడవలసిన పనికే తెర తెరువవలెను. పని ముగిసిన వెంటనే మూయవలెను. పాఠశాలలో కావ్యముతో ఆరంభించిన బాలుడు శాస్త్రమునకు పోయినట్లే, తెరతో ఆరంభించిన పరిశోధకుడు ఆజ్ఞాభాషను నేర్వక తప్పదు.

ప్రాచ్యకళాశాలలు ఇట్టి యంత్రములు తమకు సంబంధింపనివని ఊరకుండుట తగదు. ప్రవేశానుమతిని అడుగవలెను; అధ్యాపకులు ముందుగా అభ్యసింపవలెను. త్రిలింగక్షేత్రములలో నొకటిగా ప్రసిద్ధమైన కాళేశ్వరమునందలి విద్యార్థికి లిఖితప్రతుల విషయమున రాజధానిలోని వానితో సమానావకాశము లభించుటయే ఈ సాధనమునకు ప్రయోజనము. దానిని సిద్ధింపజేయు భారము యంత్రముపై లేదు, అధ్యాపకులపై ఉన్నది.