పాసుపుస్తకంలో ఆమె పేరు

అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో తొలకరి చినుకు పడగానే ముందు కదిలేవి ఆడవాళ్ళ చేతులే. వేరుశనగ విత్తనపు కాయలు ఒలిచేది వాళ్ళే, గొర్రు వెంట నడుస్తూ గింజ వదిలేది వాళ్ళే. కలుపు తీయడం, చెట్టు పెరకడం, కాయలు కోయడం కూడా వాళ్ళ పనే. వాన మొహం చాటేసిన ఏడాది చాలా ఇళ్ళలో మగవాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. ఊళ్ళో మిగిలిన పొలం, పశువులు, పిల్లలు, ముసలివాళ్ళు, వడ్డీ కోసం గడప తొక్కే అప్పులవాళ్ళు అన్నీ ఇంటి ఆడమనిషి వంతుకే వస్తాయి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా కురవని జిల్లా ఇది. ఇక్కడ సేద్యం ఇంకా బతికుందంటే ఆ శ్రమ వల్లే.

అయినా బ్యాంకు మేనేజరు ముందు పంటరుణం కాగితం పెట్టేటప్పుడు ఆమె రైతు కాదు. పంటబీమా, పెట్టుబడి రాయితీ, పీఎం కిసాన్ డబ్బు అన్నీ పట్టాదారు పాసుపుస్తకం చుట్టూ తిరుగుతాయి. అందులో ఉండేది ఎక్కువగా తండ్రి పేరు, భర్త పేరు, లేదంటే మామ పేరు. దేశంలో పనిచేసే గ్రామీణ మహిళల్లో నూటికి 76 మందికి వ్యవసాయమే ఆధారమని కేంద్ర శ్రామికశక్తి సర్వేలు చెబుతున్నాయి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో మహిళల చేతిలో ఉన్నవి సుమారు 14 శాతమే. 76కూ 14కూ నడుమ ఉన్న ఈ అగాధాన్ని మార్చి 8న మహిళా దినోత్సవంలో కప్పే శాలువా పూడ్చలేదు. స్ఫూర్తినిచ్చిన స్త్రీలను గౌరవించాల్సిందే. అయితే వాళ్ళను ముందుకు నడిపించిన అవకాశం పక్కింటి అమ్మాయికి కూడా దక్కేలా చూసినప్పుడే ఆ గౌరవం నిజమవుతుంది.

దీనికి మన జిల్లాలోని బండ్లపల్లే సాక్ష్యం. నార్పల మండలంలోని ఈ పల్లె పేరు దేశమంతా రెండుసార్లు విన్నది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ఇక్కడే ప్రారంభించారు. 2023 జూలైలో ఇదే ఊరి అమ్మాయి బారెడ్డి అనూష ఎడమచేతి వాటం స్పిన్నరుగా భారత జట్టు జెర్సీ తొడుక్కుని బంగ్లాదేశ్‌పై తొలి టీ20 ఆడింది. మొదటిదాని వల్లే రెండోది జరిగిందని ఎవరూ అనలేరు. కానీ రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒకటే. ఆడవాళ్ళ కోసం ఎవరో ముందుగా చోటు సిద్ధం చేశారు.

పని పొందినవారిలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలని, ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని, వీలైనంత వరకు ఊరికి అయిదు కిలోమీటర్ల లోపే పని చూపాలని, పని చోట పసిపిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టాలని ఉపాధి చట్టం రాసింది. మగ కూలికి ఒక రేటు, ఆడ కూలికి అందులో సగం అన్న పాత లెక్క కనీసం ఆ మస్టర్ రోల్ మీద చెల్లలేదు. దేశవ్యాప్తంగా ఈ పథకం పనిదినాల్లో సగానికి మించి మహిళలవే అయ్యాయి. ఆ చట్టం పేరూ స్వరూపమూ మారిన ఈ వేళ, సమాన కూలి, దగ్గర్లో పని అన్న ఈ రెండూ చేజారకుండా కాచుకోవాల్సింది కరవు ప్రాంతపు ఆడవాళ్ళ పక్షాన మాట్లాడేవాళ్ళందరూ. ఇక అనూషకు బంతి తిప్పడం నేర్చుకునే మైదానం దొరికింది అనంతపురంలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా అకాడమీలో. విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ దంపతుల చేతుల మీదుగా 1969లో ఈ కరవు నేల మీద మొదలైన సంస్థ అది. పల్లెటూరి ఆడపిల్లకు ఒక మైదానం, ఉండడానికి చోటు, నేర్పే గురువు దొరికితే ప్రతిభ తన దారి తాను చూసుకుంటుందని అనూష చూపించింది.

అవకాశం ఎందుకు కావాలో ఇంతకంటే సూటిగా చెప్పిన మనిషి క్రికెటర్ దీపిక. నొళంబుల రాజధానిగా వెలిగిన హేమావతి పక్కనే, అమరాపురం మండలంలోని ఒక చిన్న పల్లె ఆమెది. పసితనంలోనే చూపు పోయింది. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్‌ను గెలిచిన భారత జట్టుకు ఆమే సారథి. గెలిచి వచ్చి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసినప్పుడు ఆమె అడిగింది తన ఊరికి రోడ్డు. వెంటనే మంజూరైంది, సంతోషం. ఈ సంఘటన అధికారులకు ఒక పాఠం కావాలి. గర్భిణిని ఆస్పత్రికి చేర్చడానికైనా, హైస్కూలుకు ఆడపిల్ల నడవడానికైనా రోడ్డు కావాలంటే ప్రతి ఊరూ ఒక ప్రపంచకప్ తేలేదు. విజేత అడిగితే ఇచ్చినది, విజేత లేని ఊరికి హక్కుగా రావాలి.

చోటు దొరికితే ఆడవాళ్ళు ఏం చేయగలరో తెలుగు నేల ఎప్పుడో చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన స్త్రీలు 'సీతమ్మ కథ' అనే పాఠం చదివి, సారా తమ కొంపలు ఎలా కూలుస్తోందో మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివాళ్ళు ముందు నిలబడ్డారు. 1992లో ఆ ఊరి గొంతు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. వాళ్ళకు దొరికినది ఒక పలక, ఒక లాంతరు, పదిమంది కూర్చునే అరుగు. 2011 జనగణన నాటికి మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో మగవాళ్ళ అక్షరాస్యత 73 శాతం, ఆడవాళ్ళది 54 శాతం. అంటే అప్పటికి ఎందరో స్త్రీలకు ఆ పలక ఇంకా చేతికి అందలేదు.

భూమి విషయంలో చట్టం మనకు అడ్డు కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రం ఆ పని చేసింది ఇరవై ఏళ్ళ తర్వాత, 2005లో. అటవీ హక్కుల చట్టం (2006) పెళ్ళయినవారికి ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేర్న ఉండాలంది. రాష్ట్రంలో 2020లో లక్షల ఇళ్ళ స్థలాల పట్టాలు మహిళల పేర్నే ఇచ్చారు. అడవి భూమికి, ఇంటి జాగాకు వర్తించిన న్యాయం మెట్టపొలానికి ఎందుకు వర్తించకూడదు? పంట పోయి, అప్పు మిగిలి, ఇంటి యజమాని ప్రాణం తీసుకున్న కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో. ఆ మర్నాటి నుంచి పొలం దున్నించేది ఆ భార్యే. పాసుపుస్తకంలో తన పేరు లేని ఆమెకు పరిహారం దగ్గర, కొత్త రుణం దగ్గర, చివరికి అన్నదమ్ముల పంపకం దగ్గర కూడా అడుగడుగునా అడ్డే.

పంచాయతీది ఇంకో కథ. 73వ రాజ్యాంగ సవరణ మూడో వంతు సీట్లు ఇస్తే, మన రాష్ట్రం 2011లో దాన్ని సగానికి పెంచింది. సర్పంచి కుర్చీ దాకా ఆమె వచ్చింది. చాలా ఊళ్ళలో ఆ కుర్చీలో ఆమె బదులు భర్త కూర్చుంటున్నాడు. ఫోను ఎత్తేది ఆయన, గ్రామసభలో మాట్లాడేది ఆయన, అధికారి పలకరించేదీ ఆయననే. 'సర్పంచ్ పతి' పోకడను అరికట్టడానికి కేంద్రం నియమించిన కమిటీ కఠిన జరిమానాలు వేయాలని సిఫారసు చేసింది. జరిమానా సరే, దానికంటే ముందు అధికారులు ఒక పని చేయవచ్చు. ఎన్నికైన మనిషితో తప్ప ఆమె ఇంటాయనతో మాట్లాడబోమని ఎంపీడీవో నుంచి పంచాయతీ కార్యదర్శి దాకా గట్టిగా నిలబడితే నెల తిరక్కముందే మార్పు కనిపిస్తుంది.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిందే అని మగవాళ్ళం తప్పుకోలేం. 2024లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మూడు గంటలకు మించిన ఈ తేడాలోనే ఆమె చదువు, నిద్ర, గ్రామసభ, సంఘం మీటింగు అన్నీ మునిగిపోతున్నాయి. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో నూటికి 90 మంది స్త్రీలు ఇంటా బయటా పని మానేస్తే దేశం స్తంభించింది. అయిదేళ్ళకు ఆ దేశం విగ్దీస్ ఫిన్‌బొగదోత్తిర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. కంబదూరులో అలాంటి ఒక్క రోజు వస్తే ఊళ్ళో పొయ్యి వెలగదు, పాలు పితికే మనిషి ఉండదు, పొలంలో కలుపు కదలదు. అంత బరువు మోస్తున్న మనిషికి ఇంట్లో మొగుడూ కొడుకూ చెయ్యి అందించకుండా బయట ఎంత పొగిడినా ఫలితం లేదు.

కొన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. కళ్యాణదుర్గం కాలేజీకి వెళ్ళే పిల్లకు, ఆస్పత్రికి వెళ్ళే తల్లికి ఇది పెద్ద ఊరట. అయితే చార్జీ లేకపోవడం ఒక్కటే చాలదు, ఆ వేళకు బస్సు కూడా ఉండాలి. చివరి క్లాసు అయ్యాక ఊరికి బస్సు లేకపోతే ఇంట్లోవాళ్ళు ముందు మాన్పించేది ఆడపిల్ల చదువునే.

కాబట్టి కంబదూరు మండలంలోనే ఒక పని మొదలుపెడదాం. ప్రతి రెవెన్యూ గ్రామంలో తహసీల్దారు ఆధ్వర్యంలో శిబిరం పెట్టి, ఇష్టపడిన కుటుంబాలకు రుసుము లేకుండా భార్యాభర్తల పేర్న ఉమ్మడి పాసుపుస్తకాలు ఇవ్వాలి. భర్తను పోగొట్టుకున్న రైతు మహిళల దరఖాస్తులు ముందు తేల్చాలి. గ్రామసభకు ముందు మహిళలు విడిగా కూర్చుని తమ తీర్మానాలు రాసుకునే పద్ధతి పెట్టాలి. బస్సు వేళలు కాలేజీ అమ్మాయిలను అడిగి నిర్ణయించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు, కోట్ల బడ్జెట్టూ అక్కర్లేదు. కావాల్సింది పొలం దున్నిస్తున్న మనిషిని రైతని ఒప్పుకునే నిజాయితీ. వచ్చే మహిళా దినోత్సవం సభలో వేదిక మీద ఎందరిని సన్మానించామన్న లెక్కతో పాటు, ఆ ఏడాది మండలంలో ఎందరు మహిళల పేర్లు పాసుపుస్తకాల్లో ఎక్కాయో తహసీల్దారు చదివి వినిపించాలి. ఆ సంఖ్య ఏటా పెరిగితేనే మనం వాళ్ళను గౌరవిస్తున్నట్టు లెక్క.