సముద్రమును మఱచిన జాతి

ప్రతి సంవత్సరమును డిసెంబరు 4వ తేదీన మన నౌకాదళ దినోత్సవము జరుగుచున్నది. పెక్కేండ్లు విశాఖపట్టణమున రామకృష్ణ తీరమే ఆ యుత్సవమునకు వేదికగ నుండెను. యుద్ధనౌకలు దీపమాలికలు ధరించి నిలుచును. తండ్రులు బిడ్డలను భుజములపై నెత్తుకొని చూపుదురు. చప్పట్లు మ్రోగును. మఱునాటి యుదయమున ఇసుకపై వేరుసెనగ పొట్టు మిగులును. మన మనస్సులలో నేమియు మిగులదు. ఆ యోడల నెవరు కట్టిరి, వాని యంత్రము లెచ్చటివి, అవి పాతబడిన వెనుక వాని స్థానమున నేవి రావలయును, అసలు మనకు నౌకాదళ మెందులకు అని యడుగువారు నూటి కొక్కరైన కానరారు. ఈ వారము మే మా ప్రశ్నలనే యెత్తికొనుచున్నాము.

మనలో నొక తెగవారు కలరు. సముద్రమను మాట చెవిని బడగనే వారు పూర్వవైభవమును వర్ణింప నారంభింతురు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణెములపై రెండు తెరచాప కొయ్యల యోడ బొమ్మ యున్నమాట నిజము. రాజేంద్రచోళుడు 1025లో శ్రీవిజయ రాజ్యముపై నౌకలను నడిపినమాట నిజము. మన మోటుపల్లిలో 1244వ సంవత్సర ప్రాంతమున కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. గాలివానకు చిక్కి యొడ్డున పగిలిన యోడల సరకును వెనుకటి రాజులు బలాత్కారముగ లాగికొనుచుండిరి. తాము నియమితమైన సుంకము తప్ప వేఱేమియు గైకొనమని ఆ ప్రభువు దేశదేశముల వర్తకులకు మాట యిచ్చెను. ఏ జాతి చరిత్రయందైనను ఇంతకన్న గౌరవప్రదమైన శాసన మరుదు. అయిన నేమి? తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడనిన ఆకలి తీరునా? నాణెముపైని యోడ నీటిపై తేలదు. పూర్వవైభవమును చెప్పికొనువారు ఆ వైభవ మేల పోయెనో కూడ చెప్పవలయును. అది చెప్పుటకు వారికి నోరు రాదు. ఏలయన నది పరుల దోషము మాత్రమే కాదు.

1498లో పోర్చుగీసువారు కోళిక్కోడు చేరిరి. నూఱేండ్లపాటు కుంజాలి మరక్కార్లను నావికవీరులు సామూద్రిరాజుల పక్షమున వారి నెదిరించి పోరాడిరి. తుదకేమయ్యెను? సామూద్రియే పోర్చుగీసువారితో చేయి కలిపి నాలుగవ కుంజాలి కోటను ముట్టడించెను. ఆ వీరుని 1600లో గోవాలో శిరచ్ఛేదము గావించిరి. నూట యేబదియేండ్ల వెనుక అదే కథ మఱల జరిగెను. శివాజీ నాటిన నౌకాబలమును కన్హోజీ ఆంగ్రే పెంచి, 1729లో తాను మరణించువఱకు పడమటి తీరమున ఆంగ్లేయులను నిద్రపోనీయలేదు. ఆంగ్రే వంశీయుడైన తులాజీపై కోపముచే పీష్వా ఆంగ్లేయుల సాయమును కోరెను. 1756 ఫిబ్రవరిలో విజయదుర్గము కూలెను. ఆంగ్రే నౌకలు దగ్ధమయ్యెను. ఆ కోటను పట్టినవా రెవరు? వాట్సనును క్లైవును. మఱుసటి యేడు ప్లాసీలో జయించినవాడును ఆ క్లైవే. తన నౌకాబలమును తానే తగులబెట్టుకొన్న దేశము పదునాఱు మాసములలో తన రాజ్యమును పోగొట్టుకొన నారంభించెను. ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము ఏ న్యాయస్థానమున కావలయును?

తెలుగుదేశపు కథయు నింతే. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. మన దుర్గములు గుఱ్ఱపు దండుల నెదుర్కొనుటకు కొండలపై కట్టబడినవి. రేవులు మాత్రము ద్వారబంధము లేని వాకిళ్లవలె నుండెను. 1759లో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరుకోటను గైకొనెను. మన గడ్డపై ఇరువురు పరదేశీయులు పోరాడుచుండ మనము ప్రేక్షకులమైతిమి. ఓడలు గలవారు వచ్చిరి. ఓడలు లేనివారు చూచిరి.

మనకు నేర్పు లేక యిట్లయ్యెనని యెవరైన ననవచ్చును. అది యబద్ధము. బొంబాయి ఓడలకార్ఖానాలో వాడియా వంశమువారు టేకు కొయ్యతో కట్టిన ట్రింకోమలీ యను యుద్ధనౌక 1817లో నీట దిగినది. నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూలున తేలుచున్నది. అచ్చటనే 1813లో కట్టిన కార్న్‌వాలిస్ అను నౌకపైననే 1842లో చీనా తలవంచి నాన్‌కింగు సంధిపై సంతకము చేసెను. చేతులు మనవి, కొయ్య మనది, నౌక వారిది, సామ్రాజ్యము వారిది. నేర్పు మాత్రమే చాలదనియు, ఆ నేర్పునకు యజమాని యెవరను ప్రశ్నయే ముఖ్యమనియు దీనివలన తేలుచున్నది.

ఈ సత్యమును తొలుత గ్రహించినవారిలో నొకరు మావంటి న్యాయవాదియే. తూత్తుకుడి వకీలు వి. ఓ. చిదంబరం పిళ్లె 1906లో స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని స్థాపించెను. ఉపన్యాసముల నోర్చిన ప్రభుత్వము ఓడల నోర్వలేకపోయెను. 1908లో ఆయనకు ద్వీపాంతరవాస శిక్ష విధించిరి. పై న్యాయస్థానమున నది తగ్గినను, చెఱసాలలో ఎద్దునకు మాఱుగ నూనెగానుగ త్రిప్పవలసివచ్చెను. కంపెనీ కూలిపోయెను. 1919లో సింధియా కంపెనీ పుట్టెను. ఆ యేడు ఏప్రిలు 5న దాని లాయల్టీ యను నౌక బొంబాయినుండి లండనునకు బయలుదేఱెను. 1941 జూనులో విశాఖపట్టణమున వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో నెలకొనిన ఓడలకార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాదు పునాదిరాయి వేసిరి. 1948 మార్చి 14న అచ్చటినుండి జలఉష నీట దిగెను. స్వతంత్ర భారతపు తొలి మహానౌక తెలుగు తీరమున పుట్టెనని మనము గర్వింపవచ్చును, గర్వించి యూరకుండరాదు.

నావికులు చేసిన త్యాగమును కూడ మఱచితిమి. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ నావికాశిబిరమున, పాడైన తిండికిని జాత్యవమానమునకును ఓర్వలేక నావికులు సమ్మె కట్టిరి. కొన్ని దినములలో 78 నౌకలును సుమారు 20 వేలమందియు అందు చేరిరి. నాయకుల మాటపై వారు ఆయుధములు దించిరి. స్వరాజ్యము వచ్చిన వెనుక వారిని తిరిగి కొలువులోనికి తీసికొనలేదు. స్వతంత్ర భారత నౌకాదళమునకు 1958 వఱకు ఆంగ్లేయుడే అధిపతిగ నుండెను. ఆ యేడు ఏప్రిలులో రామదాసు కటారి తొలి భారతీయ నౌకాదళాధిపతి యయ్యెను. నేలమీద జెండా మాఱిన పదునొకండేండ్లకు గాని నీటిమీద అధికారము పూర్తిగ మాఱలేదు.

1971లో మన నావికులు తమ్ము తాము నిరూపించుకొనిరి. డిసెంబరు 4 రాత్రి చిన్న క్షిపణి నావలు కరాచీ రేవుపై విరుచుకొనిపడెను. దానికి ముందే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ వాకిట మునిగిపోయెను. కాని డిసెంబరు 9న మన ఖుక్రీ నౌకను శత్రు జలాంతర్గామి ముంచెను. కెప్టెను మహేంద్రనాథ్ ముల్లా తన నౌకతోడనే మునిగెను. 194 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ నెలలోనే అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతమునకు పంపెను. శౌర్యమున్న జాతిని సైతము బెదరించుటకు ఒక్క నౌక చాలునని అది మనకు నేర్పిన పాఠము.

ఇప్పటి స్థితి యెట్టిది? మంచిని మంచియనియే చెప్పుదుము. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కట్టిన విక్రాంత్ దళమున చేరినది. నాడే పతాకమునుండి ఆంగ్లేయుల సిలువ గుర్తు తొలగినది. విశాఖలో నిర్మించిన అరిహంత్, అరిఘాత్ అను అణుజలాంతర్గాములు దేశమునకు కవచములైనవి. 2024 మార్చిలో కోల్‌కతా యను మన యుద్ధనౌక సముద్రపు దొంగలు పట్టిన రూయెన్ అను ఓడను చుట్టుముట్టి, 35 మంది దొంగలను పట్టి 17 మంది నావికులను విడిపించెను. మోటుపల్లి శాసనమునకు నిజమైన వారసత్వ మిది. అభయ మిచ్చుట రాతిపై చెక్కినంత మాత్రమున తీరదు; దానిని నిలుపుకొను బలము కావలయును.

కాని విక్రాంత్ గర్భమున తిరుగుచున్న గ్యాస్ టర్బైనులు అమెరికావారి రూపకల్పన. దానిపైని యుద్ధవిమానములు రష్యావి. ఇక రానున్నవానికై 2025 ఏప్రిలులో ఫ్రాన్సుతో ఒప్పందము చేసికొంటిమి. విశాఖపట్టణమను పేరు ధరించిన మన యుద్ధనౌకను నడపు టర్బైనులు ఉక్రెయినువి. ఆ దేశము 2022 నుండి యెట్టి మంటలలో నున్నదో లోకమెఱుగును. న్యాయస్థానముల చుట్టు దిరుగు మాబోంట్లకు నిత్యానుభవమైన విషయ మొకటి కలదు: తాకట్టు పడిన పొలమున పంట యెంత పండినను రైతు ఋణదాత ముఖము చూచియే కొడవలి పట్టవలయును. యంత్రము తాకట్టున నున్న నౌకయు నట్టిదే.

జలాంతర్గాముల మాట మఱింత కష్టముగ నున్నది. 1999లో ప్రభుత్వము ముప్పదియేండ్లలో 24 జలాంతర్గాములను సమకూర్చు ప్రణాళికను ఆమోదించెను. 2005లో ఫ్రెంచి నమూనాకు ఒప్పందము కుదిరెను. మొదటిది 2017 డిసెంబరులోను, ఆఱవది 2025 జనవరిలోను చేరెను. ఇరువదియాఱేండ్లకు ఆఱు! ఈ నడుమ 2013 ఆగస్టులో సింధురక్షక్ ముంబయి రేవుననే ప్రేలి 18 మందిని బలిగొనెను. మఱుసటి ఫిబ్రవరిలో సింధురత్నలో ఇద్దఱు అధికారులు పొగకు చిక్కి మరణింపగా, నౌకాదళాధిపతి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేసెను. ఆయన పదవిని విడిచెను; జాగు చేసిన దస్త్రములకు బాధ్యులై పదవి విడిచినవారి నెవరిని మేమెఱుగము.

మన విశాఖ ఓడలకార్ఖానా చరిత్రయు చూడుడు. సింధుకీర్తి మరమ్మతు అచ్చట 2006 నుండి 2015 వఱకు సాగెను. పనివారిని నిందించుట సులభము. ఒక యేడు పని యిచ్చి, అయిదేండ్లు కూర్చుండబెట్టి, ఆఱవయేట వేగము లేదనుట న్యాయమా? 2025 జూలైలో ఆ కార్ఖానా కట్టిన నిస్తార్ దళమున చేరినది. పని యిచ్చిన చేతులు పని చేయునని యిది చెప్పుచున్నది.

మాకు ప్రత్యుత్తర మిచ్చువారు ముగ్గురు. మొదటివారు, శత్రువు హిమాలయములపై నున్నాడు, సముద్ర మాగవచ్చును అందురు. చీనా 2017లో జిబూతీలో స్థావరము పెట్టెను. ఆ యేడే దాని కంపెనీ సింహళపు హంబన్‌తోట రేవును 99 ఏండ్ల కౌలునకు పొందెను. ఓడల సంఖ్యలో నేడు ప్రపంచమున మొదటి నౌకాదళము దానిదే. మన విదేశవర్తకమున సరకు తూకము లెక్కకు నూటికి 95 పాళ్లు సముద్రముపైననే సాగుచున్నది. ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగ విదేశములనుండి రావలసినదే. హార్ముజ్ జలసంధి మూతబడిన, మంచుకొండపైని సిపాయి లారీకి చమురెవరు పోయుదురు? హిందూమహాసముద్రముపై అధికారము లేనిదే మన స్వాతంత్ర్యము నిలువదని కె. ఎమ్. పణిక్కరు 1945లోనే గ్రంథము వ్రాసి హెచ్చరించెను.

రెండవవారు, పేదదేశమున కింత వ్యయమేల, బడులు కట్టుడందురు. వారి హృదయమును మేము గౌరవింతుము. కాని విదేశమున కొన్న యోడ వెల పరదేశపు పనివాని యింట పొయ్యి వెలిగించును. ఇచ్చట కట్టిన యోడ వెల గాజువాక పనివాని బిడ్డకు బడిజీతమగును. మూడవవారు, కొనుట చవుక యందురు. యుద్ధము వచ్చిన దినమున అమ్మువాడు తలుపు మూసికొనిన, ఆ చవుక వెల యెంతయో వారు చెప్పవలయును.

వర్తకనౌకల స్థితి యింకను సిగ్గుచేటు. 1980ల చివర మన విదేశవర్తకమున సుమారు నూటికి 40 పాళ్లు మన యోడలు మోసెను. నేడు పదవవంతైన లేదు. ప్రపంచమున కట్టబడు నౌకలలో సగమునకు పైగ చీనా కట్టుచుండ, మన పాలు నూటికి ఒకటైన లేదు. వర్తకనౌకలు లేని నౌకాదళము పొలము లేని కావలివాడు.

కావున మా కోరికలు నాలుగు. ఓడలకార్ఖానాలకు పదిపదునైదేండ్లకు తెగని పని యీయవలయును. నౌకా యంత్రములను మన దేశముననే రూపొందించుటకు ఓడలతో సమానమైన ధనమును గడువును నియమింపవలయును. మూడవ విమానవాహక నౌకను తలపెట్టుటకు ముందు జలాంతర్గాముల లోటు పూడ్పవలయును. దాగి యుండు పది జలాంతర్గాములకు జంకినంతగ శత్రువు పైకి కనబడు నొక్క మహానౌకకు జంకడు. నాలుగవది, తీరమున వలలు లాగు జాలరిని ఈ రక్షణలో భాగస్వామిని చేయవలయును. 2008 నవంబరులో ముంబయిపై బడిన హంతకులు వచ్చినది చేపల పడవపైననే. సముద్రమును తరతరములుగ చదివిన ఆ కులముల బిడ్డలకు నావికవిద్య నేర్పు బడులు ప్రతి తీరజిల్లాలో నుండవలయును.

మనకు సామ్రాజ్యము వలదు. పరుల రేవులపై మనకు కన్ను లేదు. మన రేవున కెవడును యజమానుడై రాకుండుటయు, మన జలముల నడచు వర్తకునికి నిర్భయమును, ఈ రెండే మనము కోరునవి. ఈసారి డిసెంబరు 4న తీరమునకు పోవువారు దీపములను తప్పక చూడుడు. మఱునాడు మీ పార్లమెంటు సభ్యుని యింటికి పోయి, ఏడవ జలాంతర్గామి యెప్పుడని యడుగుడు. ఆయన తెలియదనిన, తెలిసికొని చెప్పువఱకు మఱల మఱల అడుగుడు.