చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ

మా అమ్మాయి జర్నలిజం చదువుతోంది. పరీక్షలొస్తే దానికో అలవాటు. నేను కూర తరుగుతుంటే వంటింటి గట్టు మీద కూర్చుని పాఠం పైకి చదువుతుంది. అలా అంతర్జాతీయ సమాచార సిద్ధాంతాలతో నాకు పోపు వాసనల మధ్యే పరిచయమైంది. బి.ఏ. చదివినదాన్నే అయినా ఇన్నాళ్ళూ వాటి మొహం చూసిన పాపాన పోలేదు. చూశాక ఒళ్ళు మండింది.

డేనియల్ లెర్నర్ అనే అమెరికన్ పండితుడు 1958లో ఓ పుస్తకం రాశాడు. అందులో టర్కీలోని బాల్గాట్ అనే పల్లె, ఆ పల్లెకో పెద్ద, ఓ పచారీ కొట్టతను. మీ దేశంలో ఉండే వీల్లేకపోతే ఎక్కడుంటారని అడిగితే పెద్దాయన, పుట్టినచోటే పోతాను గాని ఎక్కడికీ వెళ్ళనన్నాడు. కొట్టతను అమెరికా అన్నాడు. ఇంకేముంది, కొట్టతనిలో ఆధునికత కనిపించింది. పెద్దాయన పాతకాలపు మనిషని తేలిపోయింది! ఇంకొకరి స్థానంలో తనను ఊహించుకోగలగడం ఆధునికుడి లక్షణమట. పత్రికలూ, రేడియో, సినిమా వస్తే ఆ శక్తి పెరుగుతుందట.

నవలలు రాసుకునేదాన్ని, ఈ మాట మాత్రం మింగలేకపోయాను. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. ఆవిడ ఇంట్లోకి రేడియో వచ్చేసరికే నడివయసు దాటింది. అయినా హరికథలో సీతమ్మని అడవిలో దిగవిడిచే ఘట్టం వస్తే కొంగుతో కళ్ళొత్తుకునేది. అక్కడితో ఆగేదా? "ఆ లక్ష్మణుడు మాత్రం ఎంత నలిగిపోయుంటాడే, పాపం! అన్నమాట కాదనలేడు, వదిన మొహం చూడలేడు" అనేది. ఇది ఆవిడకి ఏ ట్రాన్సిస్టరు నేర్పిందో లెర్నర్‌గారే చెప్పాలి.

1960ల మొదట్లో యునెస్కో ఒక కొలత పెట్టింది. నూరుమందికి పది దినపత్రికలు, ఐదు రేడియోలు, రెండు సినిమా సీట్లు ఉండాలట. పులుసులోకి ఉప్పూ కారం కొలిచినట్టు! ఆ పత్రికలో ఏం రాస్తున్నారు, ఆ రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారు అన్నది కొలతలో లేదు.

మన దగ్గరా ఆ ముచ్చట తీరింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ చూపించారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. కార్యక్రమాలు చేసింది మనవాళ్ళే, కాదనను. కానీ ఉపగ్రహం వాళ్ళది. ఏడాది కాగానే వెనక్కి పోయింది.

వార్తలన్నీ ఒకవైపు నుంచే పారుతున్నాయని బీద దేశాలు మొత్తుకుంటే మెక్‌బ్రైడ్ సంఘం 1980లో నివేదిక ఇచ్చింది. 1984 చివర్లో అమెరికా, మరుసటేడు బ్రిటన్ యునెస్కో నుంచి తప్పుకున్నాయి. వేరే కారణాలూ ఉన్నాయనుకోండి. నాకు మాత్రం కోడలు నోరు విప్పగానే అలిగి కూతురింటికి వెళ్ళిపోయే అత్తగారే గుర్తొచ్చారు.

ఇక ఎవరెట్ రోజర్స్. 1962లో ఆయన మనుషుల్ని ఐదు రకాలుగా విడదీశాడు. కొత్తది కనిపెట్టగానే అందుకునేవాళ్ళు ముందు, పాతదాన్ని వదలనివాళ్ళు ఆఖర్న. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళా రైతులున్నారు. జొన్న, సజ్జ, కొర్ర వదలమని కూర్చున్నారు. పట్టికలో వాళ్ళది ఆఖరి వరసే కదా! 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. మరి ఎవరండీ వెనకబడింది?

ఆ ఆడవాళ్ళకి 1998లోనే యునెస్కో సాయంతో రేడియో కేంద్రం తయారైంది. (తిట్టిన నోటితోనే మెచ్చుకోక తప్పదు.) కానీ అనుమతి ఏదీ? పదేళ్ళపాటు కార్యక్రమాలు రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. పల్లెకి చెప్పడానికి అన్ని సిద్ధాంతాలు పుట్టాయి గాని, పల్లె మాట్లాడతానంటే మాత్రం పదేళ్ళు ఆగమన్నారు!

రోజర్స్‌గారు 1976 నాటికే పాత పద్ధతికి కాలం చెల్లిందని తానే ఒప్పుకున్నాడు. పెద్దమనిషి. మనవాళ్ళు మాత్రం నూరుమందికి ఎన్ని ఫోన్లని ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉన్నారు.

ఇదంతా విని మా అమ్మాయి, "ఇలా రాస్తే మార్కులు పడవమ్మా" అంది. పడవని నాకూ తెలుసు. ముందు లెర్నర్, రోజర్స్ ఏమన్నారో శుభ్రంగా రాసేసి, ఆఖర్న మాచనూరు సంగతి రాయమన్నాను. చోటు చాలకపోతే అడిషనల్ షీటు తీసుకోమన్నాను.