పర్మిషన్ అడగం, నోటీసు ఇస్తాం



ఒక్కడు సైకిల్ తొక్కితే ప్రయాణం. నలభై మంది ఒకే రంగు టీషర్టులేసుకొని తొక్కితే ఫిట్‌నెస్. అదే నలభై మంది నీలం జెండా కట్టుకొని తొక్కితే శాంతిభద్రతల సమస్య. సైకిల్ అదే, రోడ్డు అదే, చట్టం అదే. మారింది తొక్కే మనిషి. ఈ వారం ఆ తేడా గురించే రాస్తున్నా.

మా నందిపేట వైపు పిల్లలు కొందరు ఏప్రిల్ 14న నిజామాబాద్ దాకా సైకిళ్ల మీద పోదామనుకున్నారు. డీజే లేదు, ట్రాక్టర్ లేదు, మైకు లేదు. ఒక ఠాణాకు దరఖాస్తు ఇవ్వడానికి వాళ్ల వెంట నేనూ పోయాను. "ఎంతమంది వస్తరు సార్? పేర్లు రాయుండ్రి, ఆధార్ జిరాక్సులు పెట్టుండ్రి. ఏమన్న అయితే మాదే బాధ్యతని రాసియ్యుండ్రి" అన్నారు. రాసిచ్చాం. "పైనుంచి రావాలె" అన్నారు. ఔననలేదు, కాదనలేదు. 13 రాత్రి దాకా జవాబు రాలేదు. కేసైతే ఉద్యోగం రాదని సగం మంది పిల్లల్ని అమ్మానాన్నలే ఆపేశారు.

ఆ ర్యాలీని ఎవరూ నిషేధించలేదు. ఆ అవసరమే రాలేదు. కాదని రాసిస్తే ఆ కాగితం పట్టుకొని హైకోర్టుకు పోవచ్చు. మౌనాన్ని పట్టుకొని ఒక్క రాత్రిలో ఏ కోర్టు మెట్లెక్కుతాం?

అక్టోబర్ 21 పోలీసు అమరవీరుల దినం వచ్చిందంటే పోలీసు శాఖే ఊరూరా సైకిల్ ర్యాలీలు తీస్తుంది. అధికారులు జెండా ఊపుతారు, ట్రాఫిక్ ఆపుతారు. తీయొద్దని నేననను. ఆ రోజు గుర్తురాని అంబులెన్సు మన రోజే ఎందుకు గుర్తొస్తదని అడుగుతున్నా.

సైకిల్ గుంపును చూసి జంకడం మన పోలీసులకే సొంతం కాదు. నాయకుడు లేకుండా, నెలకొకసారి సైకిలిస్టులంతా కలిసి నగరం మధ్యలోంచి పోయే 'క్రిటికల్ మాస్' 1992లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 2004 ఆగస్టులో, రిపబ్లికన్ పార్టీ మహాసభల ముందు, ఆ రైడ్‌లో న్యూయార్క్ పోలీసులు 250 మందికి పైగా అరెస్టు చేశారు. 2007లో అక్కడ 50 మంది, ఆపైన కలిసి పోతే పర్మిట్ తప్పదని నిబంధన పెట్టారు. 2010లో ఫెడరల్ కోర్టు దాన్ని సమర్థించింది. లండన్‌లో ఇందుకు ఉల్టా జరిగింది. ఏళ్ల తరబడి ఆనవాయితీగా సాగుతున్న రైడ్‌కు ముందస్తు నోటీసు అక్కర్లేదని 2008లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ఒక్క సంగతి గమనించండి. లండన్‌లో తగాదా అంతా ఆరు రోజుల ముందు నోటీసు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద. పర్మిషన్ అనే మాటే అక్కడ లేదు.

మరి మనకీ మాట ఎక్కడిది? 1857 తిరుగుబాటు చూసి బెదిరిన బ్రిటిష్‌వాడు తెచ్చిన 1861 పోలీసు చట్టం, సెక్షన్ 30 నుంచి వచ్చింది. ఇటు నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ఉండేది. అట్లాంటి రాజ్యంలోనే 1937లో మన ఇందూరులో ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ చరిత్రను నేను క్లాసులో పాఠం చెప్తాను. క్లాసు దాటి బయటికొస్తే "30 యాక్టు అమలు, అనుమతి లేకుండా ర్యాలీలు తీయరాదు" అని మన జిల్లాల పేపర్లలో పోలీసు ప్రకటన.

రోడ్డు మీద సభలను క్రమబద్ధం చేయొచ్చు, మొత్తానికే కాదనే అధికారం పోలీసులకు కట్టబెట్టడం కుదరదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1972లోనే చెప్పింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇదే సెక్షన్ 30ని చూపి, రోడ్ల మీద సభల్ని కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 తెచ్చింది. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడ పెద్ద పార్టీలున్నాయి, పెద్ద వకీళ్లున్నారు. మన పిల్లల దరఖాస్తు కోసం ఎవరొస్తారు?

ఆంక్షలు మీ రక్షణ కోసమేనంటారు. 1991 ఆగస్టు 6న చుండూరులో 144 సెక్షన్ ఉంది, పోలీసులూ ఉన్నారు. ఎనిమిది మంది దళితులను చంపారు. గుంపు కూడొద్దన్న నిబంధన ఎవరిని ఆపింది, ఎవరిని ఆపలేదు?

రోడ్డు మీద వాహనమెక్కి పోవడం మనకు ఎన్నడూ ఉత్త ప్రయాణం కాదు. 1893లో కేరళలో అయ్యంకాళి ఎడ్లబండెక్కి, తన కులానికి నిషేధించిన బాటన పోయాడు. మన తెలంగాణ ఊళ్లల్లో దొర గడి ముందు సైకిల్ దిగి, చెప్పులు చేత పట్టుకొని నడిపించుకుంటూ పోయిన తాతలు మనకున్నారు. 1983 మార్చి 15న, తన పుట్టినరోజున, కాన్షీరామ్ వంద మందితో ఢిల్లీ నుంచి సైకిళ్ల మీద కదిలాడు. 40 రోజులు, ఏడు రాష్ట్రాలు, 4,200 కిలోమీటర్లు. పైసల్లేని జాతికి రెండు కాళ్లు, రెండు చక్రాలు చాలని చూపించాడు. మరుసటేడు బహుజన్ సమాజ్ పార్టీ పుట్టింది. గడి ముందు దిగమన్నది దొర. ఇప్పుడు చౌరస్తాలో దిగమంటున్నది ఒక కాగితం.

"సైకిల్ రైడ్లు పట్నపోళ్ల సోకు, మనకెందుకు" అనే కామ్రేడ్లకు ఒక మాట. హైదరాబాద్ ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ కట్టారు. మంచిదే. కానీ మనక్కావల్సిన దారి ఊరి బయట ట్రాక్ కాదు. తహసీల్ ఆఫీసు ముందు నుంచి, బస్టాండు ముందు నుంచి పోయే రోడ్డు. పట్నం సైకిలిస్టులకూ ఒక మాట. ఇయ్యాల జెండా ఊపి సాగనంపినవాళ్లే, రేపు మీరు రోడ్డు మీద చచ్చిపోయిన తోటి సైకిలిస్టుకు న్యాయం చేయమని కదిలితే పర్మిషన్ అడుగుతారు. అప్పుడు మా బాధ మీకు తెలుస్తది. అంతదాకా ఆగకండి, ఇప్పుడే గొంతు కలపండి.

అంబులెన్సుకు దారి వదలాలనడంలో తప్పు లేదు. ఒక పక్కనే తొక్కుతాం, వాలంటీర్లను పెడతాం, రూటు, టైము ముందే చెప్తాం. దీనికి నోటీసు చాలు. కాదనదలిస్తే కారణం రాసి, 48 గంటల ముందు చేతికివ్వాలి. ఆధార్ జిరాక్సులు అడగొద్దు. అధికారులు జెండా ఊపే ర్యాలీకి ఏ నియమమో, అంబేద్కర్ జయంతి ర్యాలీకీ అదే నియమం.

విద్యార్థి మిత్రులారా, తెలుగు పంతులుగా చిన్న దిద్దుబాటు చెప్తా. ఈసారి దరఖాస్తులో "అనుమతి కోరుతూ" అన్నది కొట్టేయండి. "తెలియజేస్తూ" అని రాయండి. రెండో కాపీ మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ కాగితం జాగ్రత్త చేయండి, సైకిళ్లకు గాలి కొట్టి పెట్టుకోండి.

జై భీమ్.