చూరు కింది చీకటి

నా బొమ్మ తిరిగొచ్చింది. కారణం ఒక్క ముక్కలో రాశారు: హెచ్‌డీఆర్ ఫొటోలు, అంటే వేర్వేరు వెలుగు కొలతలతో తీసి ఒకటిగా కలిపినవి, పోటీకి పనికిరావట. ఏ పోటీయో, ఎవరు పెట్టారో చెప్పను. చెప్పినా ఒరిగేదేం లేదు, చాలాచోట్ల ఇదే మాట.

అరకు నుంచి లోపలికి పోయే దారిలో ఒక ఊరు. అక్కడ ఒక ఇంటి లోపల కూర్చుని, గుమ్మంలోంచి బయటికి తీసిన ఫొటో అది. లోపల పొయ్యి. పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసిన విత్తనాల మూటలు, మొక్కజొన్న కంకులు. గోడకి ఎర్రమన్ను పూత, దాని మీద ఏళ్ళ తరబడి పట్టిన మసి. గుమ్మం అవతల నవంబరు ఎండ, వలిసె పూల పసుపు, ఆ వెనక కొండ, కొండ నెత్తిన మబ్బు. లోపలా బయటా రెండూ కనిపించాలి, అదే నా పంతం. రెండూ కనిపించాయి. అందుకే తిరిగొచ్చింది.

ఆ ఏడు బహుమతి కొట్టిన బొమ్మ కూడా మన్యానిదే. పాడేరు వైపు వంజంగి కొండ మీద పొద్దున్నే కనిపించే మబ్బుల సముద్రం, ఎర్రగా లేస్తున్న సూర్యుడు, ముందు నెత్తిన కట్టెల మోపుతో ఒక ఆడమనిషి. బాగుంది, కాదనను. కాకపోతే ఆవిడ నల్లకాగితం కత్తిరించి అంటించినట్టుంది. మొహం లేదు. చీర ఏ రంగో తెలీదు. నవ్వుతోందో, మోపు బరువుకి పళ్ళు బిగించిందో తెలీదు. దాన్ని సహజం అన్నారు. నాదాన్ని కంప్యూటరు పని అన్నారు. నా గోడంతా ఇదే.

ఇంతకీ ఏది సహజం? మీరే ఆ ఇంట్లో పొయ్యి పక్కన కూర్చున్నారనుకోండి. కాసేపటికి మూలనున్న కుండ కనిపిస్తుంది, తలెత్తితే కొండా కనిపిస్తుంది. కుండని చూసేటప్పుడు కంటిపాప విచ్చుకుంటుంది, కొండని చూసేటప్పుడు ముడుచుకుంటుంది, రెంటినీ కలిపి మనసు ఒక్క దృశ్యం చేసుకుంటుంది. కెమెరాకి ఆ వీలు లేదు. ఒక్కసారి నొక్కితే ఒక్కటే కొలత.

ఫొటోలు తీసేవాళ్ళం వెలుగుని స్టాపుల్లో లెక్కపెడతాం. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు. పన్నెండు స్టాపులంటే 4,096 రెట్లు, పదిహేనంటే 32,768 రెట్లు. ఎండకి మెరిసే మబ్బుకీ కిటికీ లేని పొయ్యింటి మూలకీ మధ్య పదిహేను స్టాపులుండడం వింతేం కాదు. మంచి సెన్సరు ఒక్క ఫ్రేములో పట్టేది పన్నెండు, మహా అయితే పద్నాలుగు. అందులోనూ అడుగున ఉన్న రెండు మూడు స్టాపులూ ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తాయి. తీరా అచ్చేసే కాగితం మీద తెలుపుకీ నలుపుకీ తేడా ఓ వంద రెట్లుంటే గొప్ప. కాబట్టి ఎవరో ఒకరు ఓడాల్సిందే. ఆకాశాన్ని చూసి కొలత పెడితే ఇల్లు ఓడుతుంది. అరకు బొమ్మల్లో ఎప్పుడూ ఇల్లే ఓడుతోంది.

నేను చేసేదల్లా ఆ కొలత ఒకటికి బదులు ఏడుసార్లు పెట్టడం. కెమెరాని స్టాండుకి బిగించి, అపర్చరూ ఐఎస్ఓ కదపకుండా షట్టరు వేగం ఒక్కటే మారుస్తాను. మొదటి ఫ్రేము మబ్బు కోసం, సెకనులో వెయ్యో వంతు. అక్కడినుంచి రెండేసి స్టాపులు పెంచుకుంటూ వస్తే ఏడోది పొయ్యి మూల కోసం, నాలుగు సెకన్లు. తర్వాత కంప్యూటరు మీద ఏ ఫ్రేములో ఏ భాగం సరిగ్గా పడిందో అది తీసుకుని కలపడం. ఈ మధ్యలో ఆకు కదిలితే రెండుగా పడుతుంది. గుమ్మంలో పిల్లలు నిలబడితే ఇక చెప్పక్కర్లేదు, నాలుగు సెకన్లు కదలకుండా ఉండే పిల్లలు ఏ కొండ మీదా పుట్టలేదు. వాళ్ళని ఒకే ఫ్రేములోంచి ఏరి పెట్టుకోవాలి. గంట కూర్చుంటే కాని కుదరదు. మబ్బు దిగిన పొద్దున మాత్రం ఈ తంటా ఏదీ లేదు. పొగమంచే వెలుగునీ నీడనీ సమం చేసి పెడుతుంది, ఒక్క ఫ్రేము చాలు. మంచు ఫొటోలే అన్నేసి రావడానికి అదీ ఒక కారణమని నా అనుమానం. అవి సులువు.

ఇదేదో నిన్నగాక మొన్న వచ్చిన కనికట్టు అనుకునేవాళ్ళకి ఒక మాట. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగటివూ ఆకాశానికో నెగటివూ తీసి రెండూ కలిపి అచ్చువేశాడు. ఒక్క నెగటివులో రెండూ నిలిచేవి కావు. అదే కాలంలో మన మద్రాసు ప్రెసిడెన్సీకి ఫొటోగ్రాఫరుగా ఉన్న లినేయస్ ట్రైప్ మధుర, తంజావూరు గుళ్ళని తీశాడు. ఆనాటి నెగటివుల మీద ఆకాశం ఉత్త తెల్లగా మిగిలేది. ఆయన కూర్చుని నెగటివు మీద చేత్తో మబ్బులు దిద్దాడు. ఆ బొమ్మలు ఇవాళ మ్యూజియాల్లో గౌరవంగా ఉన్నాయి, ఉండాలి కూడా. లేని మబ్బు దిద్దినాయన కళాకారుడు. ఉన్న కుండని చూపించినవాడు మాయగాడు.

1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనే ఇద్దరు బర్కిలీ వాళ్ళు వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలనుంచి అసలు వెలుగు ఎంతో లెక్కగట్టే పద్ధతి ప్రచురించారు. ఆ మాలిక్ మన ఐఐటీ కాన్పూరులో చదువుకున్నవాడే. 2010కల్లా ఐఫోనులోకి హెచ్‌డీఆర్ వచ్చేసింది. ఇప్పుడు జేబులో ఉన్న ఏ మంచి ఫోనైనా మీరు ఒకసారి నొక్కితే తను చడీచప్పుడు లేకుండా నాలుగైదు తీసి కలిపేస్తుంది. నా బొమ్మని తోసేసిన పెద్దమనిషి కూడా మనవరాలి పుట్టినరోజు ఫొటో అలాగే తీసి ఉంటారు. అది సహజం.

మా పాపమూ లేకపోలేదు. పదిహేనేళ్ళ కిందట ఈ సాఫ్ట్‌వేర్లు కొత్తగా చేతికొచ్చినప్పుడు మేం కోతికి కొబ్బరికాయ దొరికినట్టు చేశాం. కొండల అంచున తెల్లటి గీత, ఆకాశం ఊదాగా, గడ్డి చిలకపచ్చగా, ప్రతి రాయీ నూనె రాసినట్టు. నేనే కటికి జలపాతాన్ని సినిమా పోస్టరులా చేసి నలుగురికీ చూపించుకున్నాను. జనానికి మొహం మొత్తింది. కూరలో ఉప్పెక్కువైతే వంటవాణ్ణి తిట్టాలి. ఉప్పునే వంటింట్లోంచి వెళ్ళగొడితే ఎలా?

నన్ను దారిలో పెట్టింది ఏ గురువూ కాదు, ఆ ఇంటావిడే. మొదటిసారి తీసిన బొమ్మని మర్నాడు ల్యాప్‌టాప్‌లో చూపించాను. నీడలన్నీ పైకి లేపి, మూలమూలలా వెలుగు నింపి, నేనైతే మురిసిపోతూ ఉన్నాను. ఆవిడ కొండ వైపు చూడనే లేదు. కొండని రోజూ చూస్తుంది. పొయ్యి మూల వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ ఇది, మా ఇల్లేనా?"

"మీ ఇల్లేనమ్మా."

"ఇంత ఎలుగుంటే లోపల చల్లగుంటాదా? ఇది ఇల్లులాగ నేదు, వాకిలిలాగుంది."

ఆ చూరు అంత కిందికి దించి కట్టుకున్నది ఎందుకు? తల వంచి దూరాల్సినంత పొట్టి గుమ్మం పెట్టుకున్నది ఎందుకు? వాన జల్లు గోడకి తగలకూడదు, చలిగాలి లోపలికి రాకూడదు, ఎండాకాలం నీడ నీడలా ఉండాలి. ఆ చీకటి కూడా కట్టడంలో భాగమే, గోడ ఎంతో అదీ అంతే. నేను దాన్ని కూల్చేశాను. అప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని నీడని కొంచెం కొంచెం దించుతూ వచ్చాను. విత్తనాల మూటలు కనీకనిపించకుండా ఉన్నచోట, "అదిగో, అలగుంటాది" అంది. పోటీకి పంపింది ఆ బొమ్మే. ఆ ఇంట్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఒప్పుకున్న వెలుగు అది. అది అసహజమని పట్నంలో ఏసీ గదిలో తేల్చారు.

ఒక్క నా బొమ్మ కోసమే అయితే ఇంత రాద్ధాంతం చేయను. ఈ కొండల్లో చూడాల్సినవి సగం చీకటిలో ఉన్నాయి. బొర్రా గుహలే తీసుకోండి. లోపల సున్నపురాయి లక్షల ఏళ్ళుగా బొట్టుబొట్టుగా కట్టిన స్తంభాలు, కింద గోస్తని ఏరు, ఒక ఆవు జారిపడిందని కథగా చెప్పుకునే పైకన్నంలోంచి జారే పగటి వెలుగు. మామూలుగా తీస్తే ఆ కన్నం తెల్లటి చిల్లు, లేదా గుహంతా బొగ్గు. మధ్యలో ఎరుపూ పచ్చా నీలం దీపాలు పెట్టారు, దాంతో రాయి అసలు రంగేదో కంటితో చూసినా తేలదు. ఆ గుహని ఓపిగ్గా తీసి రికార్డు చేయడం పక్కన పెట్టండి, దాని చరిత్రని సరిచూసే ఓపికే ఎవరికీ లేనట్టుంది. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దొరగారొకరు దీన్ని కనిపెట్టారని పర్యాటక రాతలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాస్తాయి. ఆ సర్వే పుట్టిందే 1851లో. గుహలోకి ముందునుంచీ పోయి వస్తున్న కొండవాళ్ళ సంగతి ఎలాగూ ఎవరూ రాయరు.

కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైలు దారి మరొకటి. బైలాడిలా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడానికి 1960లలో వేసిన లైను. 58 సొరంగాలు. 2017లో అద్దాల పెట్టె తగిలించాక అందరూ కిటికీలోంచి లోయని తీస్తున్నారు. సొరంగం రాగానే ఫోన్లు దించేస్తారు. కొండ కడుపులో కోసిన ఆ గరుకు రాయి కూడా చరిత్రేనని, ఆ లైనులో అదే అసలు కట్టడమని ఎవరికి తట్టాలి? శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. కాశ్మీరు లోయలో రైలు తిరగడం మొదలయ్యేదాకా దేశంలో అంతకన్నా ఎత్తున బ్రాడ్‌గేజి స్టేషను లేదు. అక్కడ దిగినవాళ్ళు ఎత్తు రాసిన బోర్డు పక్కన నిలబడి ఒక ఫొటో దిగుతారు, రైలెక్కేస్తారు. పట్టాల మీదికి వెళ్ళకూడదు, స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి. ఆ నిబంధనలు న్యాయమైనవే. నేను అడిగేది, అనుమతి ఇచ్చి పూనుకుని తీయించేవాళ్ళు ఎవరున్నారని.

అన్నిటికన్నా బాధ సవరల గోడబొమ్మల విషయంలో. సీతంపేట కొండల్లో ఇంటి లోపలి గోడకి ఎర్రమన్ను అలికి, బియ్యప్పిండితో మనుషుల్నీ గుర్రాల్నీ ఏనుగుల్నీ చెట్లనీ వేస్తారు. పూర్వీకుల కోసం, దేవతల కోసం వేసినవి, చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం కాదు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1951లో మధ్యభారత గిరిజన కళ మీద రాసిన పుస్తకంలో వీటికి పెద్దపీట వేశాడు. ఇప్పుడు అవే బొమ్మలు గుడ్డ మీద, కాగితం మీద ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు. వేసేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తే సంతోషమే. కాని ఆ గుర్రం ఏ గోడ మీద ఉండేది, పొయ్యికి ఎంత దూరం, గుమ్మంలోంచి సాయంత్రం వెలుగు దాని మీద పడేదా లేదా, ఇవన్నీ గుడ్డ మీద రావు. ఫ్లాషు వేసి తీస్తే బియ్యప్పిండి గీత సున్నం కొట్టినట్టు మెరుస్తుంది, మసి మాయమవుతుంది. గదినంతా దాని వెలుగులోనే పట్టాలంటే నా దగ్గరున్న దారి ఆ ఏడు ఫ్రేములే.

ఇంకా ఎన్నాళ్ళు ఉంటాయి ఆ గదులు? పక్కా ఇళ్ళు వస్తున్నాయి, స్లాబులు పడుతున్నాయి. వద్దనడానికి నేనెవణ్ణి? వానకి కారని ఇల్లు కావాలనుకోవడం వాళ్ళ హక్కు, మట్టిగోడల అందం గురించి డాబాలో పడుకున్నవాడు పాఠం చెప్పకూడదు. కూలే ముందు ఒక్కసారి సరిగ్గా తీసి పెట్టమంటున్నాను, అంతే. ఇంటివాళ్ళని అడిగి, వాళ్ళకో ప్రతి ఇచ్చి, ఏడు ఫ్రేములూ విడివిడిగా దాచి. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేరు వస్తే రేపటివాళ్ళు కలుపుకుంటారు. అరకు గిరిజన మ్యూజియంలో ట్యూబులైట్ల కింద మట్టిబొమ్మలు కూర్చున్న నమూనా వంటిల్లు ఉంది. సందర్శకులు వరసగట్టి ఫొటోలు తీసుకుంటారు. నాలుగడుగులు వేస్తే నిజమైన వంటిల్లు ఉంది, పొయ్యి వెలుగుతూ.

పోటీ ఈ ఏడాది కూడా పెట్టారు. నియమాల్లో అదే వాక్యం ఉంది. ఈసారి కలపకుండా, ఏడు ఫ్రేములూ దేనికది, కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే పంపుతున్నాను. మొదటి దాంట్లో ఇల్లు లేదు, నల్లటి చట్రంలో కొండ ఒక్కటే ఉంది. ఏడో దాంట్లో కొండ లేదు, తెల్లగా మండే గుమ్మం, ఆ పక్కన పొయ్యి. సహజమైనది ఏదో వాళ్ళనే ఏరి చెప్పమన్నాను.